తడి వత్తి

మొదటి పెట్టె రేకుతో చేసిన.
నూనె డబ్బా కోసి, సాపు చేసి,
మేడ మీద తగిలిస్తే
పగటీలి రెండింటికి యాభై మూడు చూపెట్టింది.
ముత్తిలింగం ఉరికొచ్చి ఫోటో తీస్కున్నడు,
"ఎండల మన ఊరే ఫస్టు" అని.
అండాలు డబ్బా మీద ఇన్ని నీళ్లు చల్లి
చుయ్యిమన్న సప్పుడు ఇని
"ఇది ఎండ గాదు, డబ్బాకొచ్చిన జరం" అన్నది.

నిజమే.
గాలి వేడి తెల్వాలంటే ఎండ తగలొద్దు,
గాలి ఆగొద్దు, జల్లు కొట్టొద్దు,
కిందికెళ్లి నేల సెగ రావొద్దు.
ఇన్ని వద్దుల నడుమ
జానెడు గాజు గొట్టానికి ఇల్లు గట్టాలె.

కట్టె యాడిది?
మూలకు విప్పి పెట్టిన మగ్గం ఉన్నది.
అండాలు మోకాళ్లు గుంటల దిగనియ్యమన్న ఏడు
విప్పిన. అమ్మబుద్ధి గాలే,
పొయ్యిల పెట్టబుద్ధి గాలే.
అడిగితే ఏమనలే ఆమె.
రంపం కింద కట్టె కదలకుంట పట్టుకొని కూసున్నది.

నిలువు కట్టెలు నాలుగు కాళ్లయినయి.
పలక చీలిస్తే రెక్కలు,
చూరు లెక్క కిందికి వంచి,
నడుమ నడుమ నాడె దూరేంత సందు.
తెల్లరంగు మూడు పూతలు.
తలుపు ఉత్తరం దిక్కు.
ఎత్తు మాత్రం పుస్తకం జూసి పెట్టలే,
అండాలు కండ్లకు సరిగ పెట్టిన.

గాలికి మూడు కొబ్బరి చిప్పలు, రాట్నం కదురు,
కింద సైకిల్ డైనమో.
బల్బు ఎంత వెలిగితే గాలంత.
వానకు గరాటు, సారా సీస.
గరాటు మూతి సీస కడుపుకు పది రెట్లు,
గోరంత వాన మూరంత కనపడాలని.
గీతలకు నూలుపోగులు గట్టిన,
చిటికి కట్టే చెయ్యి ఊకుంటదా?

పెట్టెల రెండు గొట్టాలు.
ఒకటి పొడిది. రెండోదానికి
మిగిలిన తెల్ల నూలు వత్తి తొడిగి
కొన గిన్నెల నీళ్లల్ల వేసిన.
రెండింటి నడుమ ఎంత దూరముంటే
గాలికంత దూప.
మాకు కొత్త లెక్క గాదది.
మా నాయిన తెల్లారంగనే పోగు పెదవికి తాకిచ్చి
"ఇయ్యాల పడుగు తెగుతది, మెల్లగ నెయ్యి" అనేటోడు.

నెల దాటింది. రోహిణి ఎండలు.
బయట వడగాడ్పు, పెట్టెల వానకాలం.
రెండు గొట్టాలు ఒక్క తీరుగ చెప్పబట్టినయి.
చండూరు దుకాణపోన్ని తిట్టిన,
గాజును తిట్టిన, నా చేతులను తిట్టిన.
అండాలు తలుపు తీసి
వత్తిని రెండు వేళ్ల నడుమ నలిపింది.
నలగలే.
తెల్లగ, సున్నం పట్టినట్టు, పుల్ల లెక్కయింది.

గిన్నెల పోసింది మా బోరు నీళ్లే.

"దీనికి గూడ పట్టినయి" అన్నది.
ఎన్నడు అననిది, ఒక్క మాటే.
నేను ఆమె మోకాళ్ల దిక్కు చూడలే.

వత్తి మార్చినం. మిరుగు దాక
ఇరవై రూపాయల క్యాను నీళ్లు,
పసిపిల్లకు పట్టినట్టు గిన్నెకు.

మొదటి వాన రాత్రి పడ్డది.
తెల్లారి ముత్తిలింగం సీస ముందల కూసున్నడు:
మండలాఫీసుల పద్దెనిమిది అంటున్నరంట,
మన దగ్గర నాలుగు గీతలు.
మొలిచీ మొలవని పత్తిగింజ సాక్ష్యం,
ఆఫీసుకు పోయి చెప్పిండు.
"మీ డబ్బా మా లిస్టుల లేదు" అన్నరు.
అయినా నోటుబుక్కుల రాసిన. తారీఖు, నాలుగు.
ముత్తిలింగం కింద సంతకం పెట్టిండు,
ఎందుకో ఆయనకే ఎరుక.

అండాలు అడిగింది, "రాసుడయిందా?"
అయిందన్న.
సీస తీస్కపోయి ఆ నాలుగు గీతల వాన
వత్తి గిన్నెల వంచింది,
ఒక్క చుక్క కింద పోనియ్యలే.

మర్నాడు మళ్లీ ఎండ.
కొత్త వత్తి తాగబట్టింది.
ఎర్ర గీత మెల్లమెల్లగ కిందికి జారుతుంటే
తలుపు తెరిచి ఇద్దరం చూస్తున్నం,
నిటారుగ నిలబడి,
వంగే పని లేకుంట.