జానెడు

పడవని పాత టైర్ల మీద పక్కకి ఒరగేసి
ఇరుసు మేకు ఊడగొడితే
పొట్టలోంచి పలక జారి గడ్డిలో పడింది.
సెంటర్‌బోర్డు అంటారు రేవులో అందరూ,
నేనైతే పడవ నాలుక అంటాను.
ఇప్పుడా నాలుక కొస తెగింది.
ముందుమూల అరచేయంత చెక్క లేదు,
మిగిలింది పొరలు పొరలుగా విచ్చుకుని
తడిసిన పుస్తకంలా ఉంది.

ఎలిస్ వచ్చి నిలబడ్డాడు. పక్కింటి పిల్లాడు, పదకొండేళ్ళు.
ఏ రాయి అని అడగలేదు.
అడగనందుకు వాడికి పని ఇచ్చాను.

శనివారం సౌనాలో ముందు నా స్నానం,
మంట ఆరాక, రాళ్ళలో మిగిలిన గోరువెచ్చనలో దాని వంతు.
వేడి ఎక్కువైతే పాత జిగురు మనసు మార్చుకుంటుంది.
చేపల త్రాసుకి వేలాడదీస్తే
మొదటి వారం కిలోన్నర తగ్గింది, తర్వాత పావుకిలో.
మూడోసారి ముల్లు కదల్లేదు. చాలు అన్నాను.

కుళ్ళింది కోసెయ్యడం కష్టం కాదు,
ఎక్కడ ఆపాలన్నదే.
ఉలి మెత్తగా దిగితే ఇంకా లోపలికి,
కంగుమంటే ఆగాలి.
ఏటవాలుగా చెక్కి కొత్త ముక్క అతికించాను,
పోయినేడు తుఫానుకి పడ్డ లార్చ్ చెట్టుది.
పెరుగు కప్పులో కలిపిన జిగురు చేతిని కాల్చింది.
బిగింపులు ఆరే ఉన్నాయి. ఏడోది ఎలిస్ మోకాలు.

ఓట్స్ డబ్బా అట్ట కోసి అచ్చు చేశాం:
ముందు గుండ్రం, వెనక సన్నం, చేప ఒళ్ళు.
చిత్రిక పట్టడం వాడికి నేర్పాను,
చెక్క నార ఎటు పోతే అటే, ఎదురెళ్ళకు.
తర్వాత ఉప్పుకాగితం. పేరుకే ఉప్పు.
ఈ క్వార్కెన్ సముద్రమూ అంతే,
ఇందులో మంచినీటి చేపలు తిరుగుతాయి.

రెండో పూత రంగు వేస్తుండగా అడిగాడు,
"గున్వోర్, ఏ రాయి?"
"గ్రోసుగ్గన్."
బ్రష్షు ఎత్తి పట్టుకుని నా మొహం చూశాడు.
చూడడా మరి?
రేవులో ప్రతి పిల్లకీ ఆ రాయి చూపించింది నేనే.
గ్రోసుగ్గన్ అంటే బూడిదరంగు ఆడపంది,
నీళ్ళ కింద పడుకుని ఉంటుంది,
పలక పూర్తిగా దించి కూడా దాని వీపు మీదుగా పోవచ్చు
అని నలభై ఏళ్ళు చెప్పినదాన్ని.

మా నేల లేస్తోంది. బళ్ళోనే చెప్తారు.
ఎప్పుడో మంచు మోసి వంగిన నడుం
ఇంకా నిటారవుతూనే ఉంది.
తాత కట్టిన పడవల కొట్టం ఇప్పుడు బెర్రీ పొదల్లో ఉంది,
రేవుని రెండుసార్లు ముందుకి జరిపాం, మేకులు నేనే కొట్టాను.
పంది కూడా లేస్తుందని మాత్రం తోచలేదు.
నలభై ఏళ్ళకి జానెడు.
నేను చెప్పిన లోతు నిజమే,
చెప్పిన రోజున.

ఇంకోటీ ఒప్పుకోవాలి.
పలక గూట్లో టక్ టక్‌మని కొట్టుకుంటుంటే
చిరాకేసి తాడు బిగించి కట్టేశాను.
వదులుగా ఉండుంటే రాయి తగలగానే
తనే పైకి మడుచుకునేది.
ఇది వాడికి చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

ఆదివారం గూట్లోకి ఎత్తితే దూరలేదు.
మూడు పూతలు, గోరు మందం ఎక్కువ.
ఎలిస్ నవ్వాడు. నేను నవ్వలేదు.
మెరిసే రంగంతా మళ్ళీ రుద్దాం.

నీళ్ళలోకి దిగాక కాసేపు పడవ పక్కకే జారింది,
గాలి ఎటంటే అటు, సిగ్గులేకుండా.
పలక దించాను.
కడుపులో ఏదో గట్టిపడ్డట్టు తల తిప్పి,
గాలి మాట సగమే విని, తన దారి పట్టింది.

పంది దగ్గర తెరచాప వదిలేసి
ఎలిస్ గెడ దించి చూశాడు.
గెడ తడిసిన చోట బొటనవేలు అదిమి పట్టి
పెన్సిల్‌తో అంచు లోపల అంకె రాశాడు, కింద తేదీ.
తర్వాతి అంకెకి బోలెడు చోటు వదిలాడు.

తిరుగు దారిలో తాడు కట్టలేదు.
టక్, టక్.
వాడికది చిరాకట, కట్టెయ్యొచ్చుగా అన్నాడు.
కొట్టుకోనీ అన్నాను.