ఆవులింత

మొదటి మూడు వారాలూ
నా కుడిచెయ్యి నాది కాదు.
ఆసుపత్రి దిండు మీద
ఎవరో మరిచిపోయిన తడి తువ్వాలులా పడి ఉండేది.
నర్సు ఎత్తితే లేచేది, వదిలితే జారేది.
నిద్రలో దాని మీదకి దొర్లి
పక్కన ఎవరో పడుకున్నారనుకుని
రెండుసార్లు సారీ చెప్పాను.

నాలుగోవారం చిటికెనవేలు ముడుచుకుంది.
మా ఆయన విశ్వపతి
వార్డంతా తిరిగి చెప్పొచ్చాడు, ప్రాణమొచ్చిందని.
ఐల్సా నవ్వలేదు.
మోచెయ్యి మెల్లగా చాపింది, మళ్ళీ వేగంగా చాపింది.
తలుపు కింద చెప్పు అడ్డుపడ్డట్టు
మధ్యలో ఏదో పట్టుకోవడం నాకూ తెలిసింది.
"ఇది బలం కాదు, బిగువు" అంది.
రెంటికీ తేడా తెలియడానికి
డండీలో నాకొక చలికాలం పట్టింది.
బలం పిలిస్తే వస్తుంది.
బిగువుది పిలవని పేరంటం.

పంతొమ్మిదేళ్ళు తపాలా ఆఫీసులో
రాత్రి డ్యూటీలో ఉత్తరాలు గూళ్ళలో పెట్టిన చెయ్యి ఇది.
కళ్ళు చదివేలోపే మణికట్టుకి తెలిసిపోయేది,
ఇది లాకీ, ఇది బ్రౌటీ ఫెర్రీ,
ఇది టే నదికి అవతల.
అందుకే ఐల్సా బొమ్మ గీసి చూపిస్తే ఇట్టే అర్థమైంది.
పైనుంచి ఉత్తర్వులు రావడం లేదు.
హెడ్డాఫీసు మూగబోతే
వెన్నులోని బ్రాంచి ఆఫీసులు ఊరుకుంటాయా,
సొంత పెత్తనం మొదలుపెడతాయి.
చాచే కండకి పని లేదు.
ముడిచే కండకి రాత్రింబవళ్ళు ఓవర్‌టైము.

నెలనెలా టేపుతో కొలుస్తారు.
ఎడమ తొడ నలభై తొమ్మిది,
కుడి తొడ నలభై నాలుగున్నర.
వేడినీళ్ళలో ఉతికిన ఉన్ని స్వెట్టరులా
పిక్క కురచబడింది, మడమ నేలకి ఆనదు.
బస్సులో కూర్చుంటే పాదం తనంతట తాను
టకటకటక తాళం వేస్తుంది.
పక్క సీటు ముసలాయన ఓసారి
ఏ పాటమ్మా అది, అని అడిగాడు.
గుర్తు రావడం లేదన్నాను.

సముద్రం మీంచి పొగమంచు ఊళ్ళోకి ఎక్కిన రోజు
పిడికిలి ఇంకా బిగుస్తుంది.
లోపల గోళ్ళు, లోపల చెమట,
లోపల పులిసిన పెరుగు వాసన.
ఆదివారం విశ్వపతి కళ్ళద్దాలు పెట్టుకుని
గోరువెచ్చని నీళ్ళ గిన్నెతో కూర్చుంటాడు.
లాగకూడదు. ముందు మణికట్టు లోపలికి వంచాలి,
అప్పుడు వేళ్ళే దారిస్తాయి.
పెళ్ళైన ముప్ఫయ్యొకటో ఏట
నా చెయ్యి పట్టుకోవడం నేర్చుకున్నాడు.
అరచేతిలో నాలుగు నెలవంకలు.
ఒక్కోదాన్నీ దూదితో తుడుస్తాడు,
ఏమీ మాట్లాడడు.

చిన్నప్పుడు ఎడంచేత్తో రూపాయి ఇస్తే
కొట్టు మాణిక్యమ్మ తీసుకునేది కాదు.
ఇప్పుడు అన్నం ఎడంచేత్తోనే, దణ్ణం ఎడంచేత్తోనే,
హిల్‌టౌన్ కొట్టులో చిల్లరా ఎడంచేత్తోనే.
ఇచ్చిన ప్రతిసారీ లోపల ఎవరో
కుడిచెయ్యి! అని గద్దిస్తారు.
కుడిచెయ్యి వింటుంది.
విని ఇంకాస్త ముడుచుకుంటుంది.

జనవరిలో ఒకరోజు, ఎనిమిదైనా తెల్లారని వేళ,
టీ కోసం చూస్తూ ఆవులించాను.
చెయ్యి లేచింది.
నేను బతిమాలితే కదలని చెయ్యి
ఒళ్ళోంచి గుండె దాకా, గుండె నుంచి గడ్డం దాకా
తనే వచ్చి, గాలిలో నిలబడి,
వేళ్ళు కాస్త విచ్చి,
ఆవులింత అయిపోగానే దిగిపోయింది.
విశ్వపతి చేతిలో పాలసీసా అలాగే ఉంది.
"మళ్ళీ చెయ్యి" అన్నాడు.
అది నా చేతిలో ఉందా?

కోలుకోవడం కాదిది, అంది ఐల్సా.
మెదడు అడుగున పాత కాలిబాట ఏదో ఉందట,
మన ఇష్టంతో దానికి పని లేదట.
సరే.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఎదురుగా కూర్చుని
ముందు తను ఆవులిస్తాడు, దొంగ ఆవులింత,
నాకు అంటుకుంటుందేమోనని.
ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి
వేళ్ళు లెక్కపెడుతున్నాడు.
నిన్న మూడు తెరుచుకున్నాయన్నాడు.
నేను రెండే చూశాను.