ఒకే మాదిరివి రెండు

ముప్పై ఒక్క వేల చిల్లర చీరలు
నా అరచేతిలో పట్టేంత డబ్బాలో ఉన్నాయి.
అమ్ముడుపోయి, ఎవరి బీరువాల్లోకో చేరి,
చివరికి పాత జరీకి తూకమై పోయినవి కూడా
ఈడ ఇంకా కొత్త మడతల్తోనే ఉన్నాయి.

ఉరవకొండ అంగట్లో పన్నెండేండ్లుగా
చీర మగ్గం దిగిన రోజే ఒక ఫోటో.
మొదట్లో రుద్రప్ప సావుకారు బటన్ల ఫోనుతో,
తర్వాత ఆయన అల్లుడి కెమెరాతో,
తర్వాత ఎవరి చేతికి ఏది దొరికితే దాంతో.
"అన్నీ ఒక దారికి తేమ్మా" అని నన్ను కూర్చోబెట్టినారు.

తెరిస్తే,
కొత్త ఫోల్డర్. కొత్త ఫోల్డర్ రెండు.
కొత్త ఫోల్డర్ రెండులో ఇంకో కొత్త ఫోల్డర్.
"చివరిది". "చివరిది అసలు". "ఇది ముట్టుకోవద్దు".
దీపావళి సరుకు మధ్యలో
ఎవరిదో కరెంటు బిల్లు, ఎవరి పాపదో బోసినవ్వు,
బొబ్బలెక్కిన ఒక కాలు.

రంగుల కింద సర్దుదామని మొదలుపెట్టినాను.
వంకాయ రంగు ట్యూబులైటు కింద నేరేడయ్యింది,
నేరేడు ఎండలో వంకాయయ్యింది.
నెమలిమెడ ఏ ఫోటోలోనూ నెమలిమెడగా నిలబడలేదు.
పడుగొక రంగు, పేకొక రంగు,
కదిలితే తప్ప నిజం చెప్పని పట్టు.
కెమెరా ముందరేమో కదలొద్దంటాము.
ధర కింద పెడితే ఆ ధరలకు ఇప్పుడు నవ్వొస్తాది.
అంచు కింద పెడదామా అంటే
ఒకరు గోపురమన్నదాన్ని ఇంకొకరు రంపమంటారు.

మూడు చోట్ల దాచాలంట.
ఒకటి అంగట్లో, జరీ కండెల పక్కన ఇనప్పెట్లో.
ఒకటి అనంతపురంలో, సావుకారు చెల్లెలింట్లో.
ఇంకోటి క్లౌడులో, అన్న్యాడు అల్లుడు.
అంటే మేఘమే కదా?
మా సీమలో మేఘాన్ని నమ్మి
గింజ దాచుకున్నోడు లేడు. నవ్వి ఊరుకున్నాను.

జాగా చాలక
ఒకే మాదిరివి వెతికే సాఫ్ట్‌వేర్ వేసినాను.
రాత్రంతా గిరగిరా తిరిగి పొద్దున్నే
రెండు చీరలను పక్కపక్కన నిలబెట్టింది.
చిలకపచ్చ, ఎర్రంచు, మామిడిపిందె బుటా.
నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు ఒకటే,
ఒకటి తీసెయ్యమంటావా?
తీసెయ్యి అనబోతాంటే
కూలి లెక్కకు వచ్చిన చౌడప్ప
నా భుజం మీదుగా వంగి చూసినాడు.

"ఉండుమ్మా. ఒకటి నాది.
ఒకటి తిప్పమ్మది."

అదే మగ్గం, అవే అట్టలు, అదే పట్టు.
ఎట్లా తెలుస్తాదని అడిగితే
అద్దం మీద గోటితో అంచు తట్టి చెప్పినాడు:
"ఆమె పలక దెబ్బ మెత్తన.
ఎడమంచుకాడికి వచ్చేసరికి నాడెను ఒక్క రవ్వ ఆపుతాది.
ఈడ చూడు, పేక ఊపిరి పీల్చుకున్నట్టు లేదా?"
పెద్దది చేసినాను, ఇంకా పెద్దది చేసినాను,
చీర చుక్కలు చుక్కలుగా చెదిరిపోయేదాకా.
నాకు కనపడలేదు.

మోకాళ్ళు పట్టేసి నాలుగేండ్లుగా
తిప్పమ్మ మగ్గం గుంతలోకి దిగలేదంట.
దిగిన రోజుల్లో కూడా
కూలి చీటీ చౌడప్ప పేరు మీదే.

రంగు ఉంది, ధర ఉంది, కొన్న పార్టీ పేరుంది,
కొరియర్ నంబరు కూడా ఉంది.
నేసినోళ్ళ గడి ఒక్కటి లేదు.
పెట్టినాను.

ఆదివారాలు ఒకరొకరుగా వస్తాండారు.
"జరుపు... జరుపు... ఆగు, అది మా నాయనది."
కొందరు తప్పు చెప్తారు.
ఒకే చీరకు ఇద్దరు తోడికోడళ్ళు కొట్లాడినారు.
"తెలీదు" అనే ఫోల్డరే ఇప్పటికీ అన్నిట్లోకీ పెద్దది.

పోయిన వారం తిప్పమ్మ వచ్చింది,
మెట్టు మెట్టుకూ తొడ మీద చెయ్యాన్చి.
తన చీర చూసి మురిసిపోతాదనుకున్నాను.
కండ్లు చికిలించి, తెర దగ్గరికొచ్చి,
"ఇదో, ఈడ పోగు తెగింది. అతికించినాను.
ఇన్నేండ్లు ఎవరూ చూడలేదనుకున్న్యా.
తీసెయ్ తల్లీ దీన్ని" అనింది.

సరే అన్నాను.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఆగి
మూడు చోట్లా పెట్టినాను.
మేఘంలో కూడా.