చల్లారాక

చిట్టినగర్ వెనక, కొండ మీద మా ఇల్లు.
బండి కిందే ఆగిపోతుంది, పాలబూత్ పక్కన, గొలుసు వేసుకుని.
బ్యాటరీ మాత్రం పైకి రావాలి
నూట పన్నెండు మెట్లు
నాంచారయ్య భుజం మీద,
తిరణాల్లో నిద్రపోయిన పిల్లాడిలా.

రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలో
పటమట నుంచి గొల్లపూడి దాకా
ఎవరెవరి బిర్యానీలో మోసి మోసి
రాత్రి పదకొండింటికి అదీ కాలుతూనే వచ్చేది.
రాగానే ప్లగ్గులో పెట్టేవాళ్లం,
మంచం కింద, గోనెపట్టా మీద,
గ్యాసుబండకి జానెడు దూరంలో.
డ్వాక్రా అప్పుతో కొన్నది కదా,
కళ్లెదుటే ఉండాలనిపించేది.

ఒక రాత్రి వాసనకి మెలకువ వచ్చింది.
వైరు కాలిన వాసన కాదు.
తియ్యగా, గోళ్లరంగు సీసా మూత తీసినట్టు.
వంగి చూస్తే దాని డొక్కలు ఉబ్బి ఉన్నాయి.

మెయిను దించేసి, పిల్లని చంకనేసుకుని ఉరికాను.
ఆయన గుమ్మంలో ఆగాడు:
"నలభై వేలే, లోపల..."
చొక్కా పట్టుకుని లాగాను. గుండీలు రెండు తెగాయి.
తెల్లారేదాకా మెట్ల మీద కూర్చుని
మా తలుపునే చూస్తూ ఉన్నాం,
లోపల ఎవరో పరాయివాళ్లు ఉన్నట్టు.

ఏమీ కాలేదు.
ఆ మాట చెప్పడానికి ఇప్పటికీ నా గొంతు తడారిపోతుంది.

ఆటోనగర్లో జాన్‌సైదా దాన్ని విప్పకుండానే అడిగాడు,
"ఛార్జరు ఎవరిది?"
పక్కింటివాళ్లది. మాది పాడైతే తెచ్చుకున్నాం. పిన్ను సరిపోయింది.
"కాలికి పట్టిందని ఎవరి చెప్పులైనా తొడుక్కుని వచ్చేస్తావా అమ్మా?"
తర్వాత కాస్త మెత్తబడి,
"ఎండన పడి వచ్చినోడికి వెంటనే కంచం పెడతావా?
కాళ్లు కడుక్కోనీ. కాసేపు కూర్చోనీ."

ఉబ్బినదాన్ని ఇసక డబ్బాలో పెట్టి అతనే ఉంచుకున్నాడు.
చెత్తబండిలో వేద్దామన్నాడు ఈయన.
చెత్తబండి నాగరత్నం చేతులు నాకు తెలుసు,
అన్నీ ఆ చేతుల్తోనే వేరుచేస్తుంది.

కొత్తది గుమ్మం దగ్గర, వట్టి గచ్చు మీద ఉంటుంది.
దాని మీద తువ్వాలు కూడా ఆరెయ్యను.
తెల్లారుజామున ఇడ్లీ వాయి వేస్తూ ప్లగ్గు పెడతాను,
దాని మీద ఒక కన్నేసి.
పిల్లకి అదేదో చుట్టమనుకుంటా,
"లేచిందా?" అని అడుగుతుంది.

ఇవాళ పదకొండున్నర అయింది ఆయన వచ్చేసరికి.
దాన్ని దించి, దాని పక్కనే వెల్లకిలా పడుకున్నాడు,
చొక్కా విప్పకుండా, ఒక్క మాటా లేకుండా.
ఇద్దరూ గచ్చు మీదే.
వాయిదా కట్టమని గ్రూపు లీడరు రెండుసార్లు వచ్చి వెళ్లింది.
ఆ సంగతి చెప్పాలి.

చెయ్యి ఆనించి చూశాను.
ఇంకా వేడిగానే ఉంది.