నిండుకోవడం

ఆవముద్ద మోయడానికే పుట్టింది ఈ గ్లాసు.
పోలండులో, వూచ్ నగరంలో,
నూలు మిల్లు గోడవతలి మూల కొట్లో
రేకు మూత కళ్ళమీదికి లాక్కుని
పచ్చగా నిలబడి ఉండేది.
సాసేజీల్లో అద్దుకుని పన్నెండు రోజులు తిన్నాం.
పదమూడో రోజు మా ఓతిలియా పిన్ని
రొట్టె అంచుతో అడుగంతా తుడిచి
వెలుతురుకెత్తి చూసి
"నిండుకుంది" అంది.

ఎంత మంచి మాట.
ఖాళీని ఖాళీ అనకుండా
గుమ్మం దాటించేసే మాట.
ఆ సాయంత్రమే అందులో నాకు టీ పోసింది.
మొదటి గుక్కలో ఇంకా ఆవ ఘాటు,
ముక్కుకెక్కి కళ్ళు చెమర్చాయి.
"తాగు. నాలుగు రోజుల్లో మర్చిపోతుంది" అంది,
గ్లాసు గురించో, నా గురించో.

మర్చిపోయింది.
ఆదివారాలు బోర్లించి పిండి మీద నొక్కితే
పియెరోగి చందమామలు లేచేవి.
గ్లాసు కడుపులో ఇరుక్కున్నదాన్ని
చెంచా కాడతో పొడిచి తీయడం నా ఉద్యోగం.
చక్కెర చీటీల మీద ఇచ్చే రోజుల్లో
నెలకెన్నో కొలిచి చెప్పింది అదే.
మార్చిలో దాని మూతి మీద ఉల్లిగడ్డ కూర్చుని
తెల్లటి కాళ్ళు నీళ్ళలోకి జారవిడిచేది.

ఒకసారి దాన్ని గోడకానించి చెవి పెట్టాను.
అవతల జెనోవెఫా గారు
ఎవరినో బతిమాలుతున్నారు.
ఊపిరి బిగబట్టి విన్నాను.
కీరదోసకాయల్ని.
"నువ్విలా జరుగమ్మా. నువ్వు పొట్టివాడివి, పైన కూర్చో."

ఆవిడ జాడీల మనిషి.
సోయకూర కాడ, వెల్లుల్లి, చెర్రీ ఆకు,
పైన ఉప్పునీళ్ళు మెడదాకా.
మా ఇంటికొచ్చిన జాడీ ఒకటి తిరిగివ్వలేదు నేను.
ఎగ్గొట్టాలని కాదు,
ఖాళీగా ఇవ్వలేక, ఏం నింపాలో తోచక
ఇవాళ, రేపు అనుకుంటూ
ఇరవై రెండేళ్ళు.
పిన్ని పోయింది. ట్రాము డిపోలో నాకు పని దొరికింది.
జాడీ మూతని అర అడుగున మేకులతో కొట్టి
జాడీలో మరలు పోసి
కిందనుంచి తిప్పి బిగించాను.
గబ్బిలంలా వేలాడేది.
రాత్రిళ్ళు ఏ రేడియోనో విప్పినప్పుడు
కిర్రుమని తిప్పడం, కిర్రుమని బిగించడం.

ఆ జనవరి మైనస్ ఇరవై నాలుగు.
గొట్టం పగిలి నాలుగంతస్తులకీ చుక్క లేదు.
వీధిలోకి ట్యాంకరొచ్చింది.
జెనోవెఫా గారి మోకాళ్ళు మెట్లు దిగి రెండేళ్ళయింది.
ఆవిడకి ఒక బకెట్టు చాలు నిజానికి.
అయినా మరలన్నీ పేపరు మీద గుమ్మరించి
జాడీని మంచుతో తోమి
దాన్నీ నింపుకొచ్చాను.

నిండుకుండ తొణకదంటారు.
ఆ మాటన్నవాడు మూడో అంతస్తుకి
దేన్నీ మోసి ఉండడు.
మెట్టు మెట్టుకీ తొణికింది.
తడిసిన చేతితొడుగు గడ్డకట్టి
జాడీకే అతుక్కుపోయింది.

తలుపు తీసి ఆవిడ చూసింది జాడీని, నన్ను కాదు.
"నాదే. అడుగున గాజులో బుడగుంటుంది."
"అవునండీ. ఆలస్యమైంది."
కెటిల్లోకి వంపింది. చివరి గుక్క జెరేనియంకి.
తువాలుతో తుడిచి నా చేతిలోనే పెట్టింది.
"తీసుకెళ్ళు. మరలెక్కడ పోస్తావు మరి?"

మరల సంగతి నేను చెప్పలేదు ఎవరికీ.

గోడ పక్క స్టూలు మీద
ఒక గ్లాసు బోర్లించి ఉంది, మా దానిలాంటిదే.
ఆవిడ తడబడకుండా దాన్ని అందుకుని
ముఖమలు చొక్కా అంచుతో చెవి తగిలే చోట తుడిచి
టీ పోసింది.

వెతికాను గుక్క గుక్కలో.
ఘాటు లేదు.