కసబ్ దగ్గర, ఆరో రోజు

కొండలు నిట్టనిలువునా సముద్రంలోకి దిగే చోట
తాడు నా చేతిలో, జుమా అడుగున.
తెర మీద మళ్లీ అదే నీడ,
ఐదుసార్లు బండరాయే అయింది.
శమాల్ గాలి లేస్తోంది,
నాఖుదా లంగరు వైపే చూస్తున్నాడు.

తాడు రెండు గుంజులు గుంజింది.
పైకొచ్చిన వలసంచిలో
ఇత్తడి గంట లేదు, ఓడ పేరూ లేదు.
పిడికెడు బొగ్గు.
నూరేళ్లు ఉప్పులో నానినా
మసి మసే.

దొరల పేర్లన్నీ కాగితాల్లో ఉన్నాయట.
కొలిమిలో బొగ్గేసినోళ్లకి ఒక అంకె: పదకొండు.
అందులో మా భావనపాడోడు
ఎవడైనా ఉన్నాడేమోనని
అడగబోయి ఊరుకున్నాను.

సాయంత్రం ఒడ్డున, టీ అయిపోయాక
ఖాళీ గ్లాసు మీద
నల్లగా, గీతలతో సహా,
నా బొటనవేలు.