ఇరవై మూడో బావి

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర జిరాక్స్ షాపులో
పదోన్నతి ఫారం ఏడో గడి నింపాను.
ఉదహరింపులు: రెండు వందల పద్నాలుగు.
పెన్నుకు మూత పెట్టబోయి ఆగాను.

అందులో సగానికి పైగా
ఒక్క వ్యాసానికే వచ్చినవి.
ఆ వ్యాసం నిలబడ్డది మూడో పట్టిక మీద.
పట్టికలో అందరూ వేలు పెట్టి చూపేది
ఇరవై మూడో బావిని.

చందంపేట అవతల, మే నెల.
డిండి వాగులో ఇసుక
పొయ్యిలోంచి తీసిన పెనంలా ఉంది.
మా యంత్రం తీగ చివర చిన్న గుండు,
నీటిని తాకితే పైన కీచుమనాలి.
ఆ రోజు అది మోటారు పైపు సందున ఇరుక్కుంది.
గుంజితే తీగ చేతికొచ్చింది,
గుండు బావికే మిగిలింది.

గడ్డిమోపు దించి ఈదమ్మ వచ్చింది.
"గంత సదువు సదివి
తాడు లేకుంట బాయికాడికొస్తరా సారూ?"
చేదతాడుకు కంకరరాయి కట్టి విడిచింది.
ఒరకు చెంప ఆనించి
కండ్లు మూసుకుని, కొంచెం కొంచెంగా వదిలి,
"తాకింది," అన్నది.

నాకేమీ వినపడలేదు.
ఈ సంగతి నేనెక్కడా రాయలేదు.

ఒర అంచు కాడ తాడుకు ముడేసి
పైకి గుంజి, మోచేతి నుంచి వేలికొస దాకా
మూరలేసింది.
"ఇర్వై తొమ్మిది. నాలుగు వేళ్లు తక్కువ."
"తాడు ఒక్కరోజు ఇవ్వు, రేపు తెచ్చిస్తా," అన్నాను.
ప్రయోగశాల నేల మీద పరిచి
ముడి నుంచి రాయి దాకా కొలిచాను:
పన్నెండు మీటర్ల అరవై తొమ్మిది సెంటీమీటర్లు.
వ్యాసంలో రాసింది మాత్రం
"విద్యుత్ సూచికతో కొలిచిన లోతు."

ఆ అంకె నాకంటే ఎక్కువ దేశాలు తిరిగింది.
మొరాకోలో ఒకాయన తన నమూనాను
దాంతోనే సరిచూసుకున్నాడు.
ఎవరిదో పీహెచ్‌డీలో, నూట నలభయ్యో పేజీలో,
అదొక ఎర్రచుక్క.
ఒకాయన మాత్రం, పేరు చెప్పను,
"ఈ ఒక్క బిందువు గీత మీద కూర్చోదు,
అనుమానించాలి," అన్నాడు.
రాత్రంతా కూర్చుని జవాబు రాశాను,
మీ గీతే వంకర అని.
తెల్లారి చించేశాను.
కొలిచింది ఏ పరికరమని అడిగితే
ఒక చెవి పేరు చెప్పాలి కదా.

కృతజ్ఞతల్లో శాఖాధిపతి ఉన్నాడు,
నిధులిచ్చిన సంస్థ ఉంది,
జీపు డ్రైవర్ అంజద్ కూడా ఉన్నాడు.

పోయిన ఆదివారం బండేసుకుని పోయాను.
బావిని రాళ్లతో పూడ్చారు,
రాళ్ల సందున సీతాఫలం మొక్క లేచింది.
పక్కన బోరు, తాళం వేసిన స్టార్టర్ డబ్బా.
ఈదమ్మ అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది.
పేరు చెప్పాను, గుర్తు పట్టలేదు.
యూనివర్సిటీ అన్నాను, ఊహూ.
నీళ్లు కొలిచినం కదా అంటే
అప్పుడు తలెత్తింది.

"నువ్వు తాడు సారువి గదా!
రేపు తెస్తనంటివి.
ఆ ఎండాకాలమంత
పక్కింటోళ్ల తాడు అడుక్కుంటి."

బండి తిప్పాను.
దేవరకొండ దుకాణంలో తాడు
కిలోల లెక్కన అమ్ముతారట.
ముప్పై రెండు మూరలు కావాలంటే
కుర్రాడు నవ్వి, కాంటా మీద చుట్ట పెట్టి,
"గంతే ఉంటది తీయి సార్," అన్నాడు.

ఈదమ్మ చుట్ట విప్పింది.
మోచెయ్యి పూర్తిగా చాపలేకపోతోంది,
కీళ్లు పట్టేసినయట.
అయినా మధ్యలో నన్ను మాట్లాడనియ్యలేదు,
లెక్క తప్పుతదని.

"ముప్పై ఒకటి," అన్నది.
"మూర తక్కువొచ్చింది సారూ."

జేబులో ఫారం ఉంది.
దాని వెనక రాసుకున్నాను.